నాలుగు మూలల పసుపు

నా భార్య పెట్టిన పసుపును వాళ్ళు కడిగేశారు. వాళ్ళు అడక్కుండానే నేను ఇచ్చిన పుస్తకాల మీద నుంచి, నన్ను అడక్కుండానే కడిగేశారు. కడిగి, ఆరబెట్టి, చీరకి ఇస్త్రీ చేసినట్టు ఒక్కో కాగితాన్నీ చదును చేసి, నా ముందు పెట్టి, ఎంత బాగా వచ్చిందో చూడండి అన్నారు. తెల్లగా వచ్చింది.

పుస్తకాలు ఐస్‌లాండ్ దేశానివి. పాతవి, బొమ్మలున్నవి. చెక్క మీద చెక్కి అచ్చొత్తిన తిమింగలాలు, నిప్పు కక్కే కొండలు, గడ్డి మొలిచిన కప్పుల కింద కాపురాలు. ఓక్‌ట్రీ రోడ్డు మీద పప్పుల దుకాణంలో బస్తాలు సర్దే మనిషికి ఈ పిచ్చి ఎలా పట్టిందని, అమెరికాలో మేమున్న ఎడిసన్‌లో నన్ను అడగనివాడు లేడు. మా ఆవిడ రాజ్యం దగ్గర క్యారేజీలు పట్టుకెళ్ళడానికి పార్సిప్పనీ నుంచి కార్లేసుకుని వచ్చే కన్సల్టెంట్ కుర్రాళ్ళు మరీను. "అంకుల్, అక్కడ మనుషులున్నారా, సీల్సేనా?" అనేవాడు ఒకడు. "ఉన్నార్రా. చలికాలమంతా ఇంట్లో కూచుని పుస్తకాలు చదువుతారు. నీలాగా పప్పులో నెయ్యి తక్కువైందని గొడవ చెయ్యరు," అనేవాణ్ణి. వాళ్ళు నవ్వేవారు, నేనూ నవ్వేవాణ్ణి. ఆ నవ్వులన్నీ ఎక్కడికి పోయాయో తెలీదు. వాళ్ళలో సగం మంది వీసాలు అయిపోయి వెళ్ళిపోయారు, మిగతావాళ్ళు ఇళ్ళు కొనుక్కుని వేరే ఊళ్ళకి పోయారు. నేను మాత్రం దేశానికి పడమటి కొసనున్న ఈ బాతెల్ ఊళ్ళో మా అమ్మాయి ఇంట్లో, వాన చూస్తూ, ఒక ఉత్తరం కోసం పోస్టుపెట్టె దగ్గరికి వెళ్ళి వస్తూ చాలా రోజులు గడిపాను. అది దేని కోసమో చెప్పాలంటే బందరు దాకా వెనక్కి వెళ్ళాలి.

మా నాన్న బందరులో పుస్తకాలు కుట్టి, అట్టలేసి జిల్దు కట్టేవాడు. కోర్టు రికార్డులు, స్కూలు రిజిస్టర్లు, పురాణాలు, బైబిళ్ళు, ఏవి తెచ్చినా ఒకే మర్యాదతో కట్టేవాడు. మా ఇల్లూ దుకాణమూ ఒకటే. ముందు గదిలో కత్తిరించే మిషను, వెనక గదిలో మా పక్కలు. పొద్దున్నే అమ్మ పొయ్యి మీద అన్నానికి ఎసరు పెట్టకముందు మైదా జిగురు ఉడకాలి. అందులో పురుగు పట్టకుండా మైలుతుత్తం వేసేవాడు నాన్న. ఆ నీలం పలుకులు కరిగేటప్పుడు వచ్చే వాసన ఒకటుంది, నాలిక మీద రాగి కానీ బిళ్ళ పెట్టుకున్నట్టు. మా బట్టలకీ, తలలకీ, అన్నానికీ అదే వాసన. బళ్ళో పక్కవాడు జరిగి కూచునేవాడు. నాకు బడి ఎక్కువ రోజులు లేదులెండి. నా చదువంతా అచ్చు ఫారాలు మడత పెడుతూ చదివిన చదువు. ఏ పుస్తకమూ వరసగా చదవలేదు. ఒక ఫారంలో కథ మధ్య, ఇంకో ఫారంలో వ్యవసాయ శాఖ రిపోర్టు చివర. ఇప్పటికీ నా తెలివితేటలు అలాగే ఉంటాయని మా అమ్మాయి వాణి అంటుంది, మధ్యలో మొదలై మధ్యలో ఆగిపోతాయని.

నాన్నకి కొన్ని పట్టింపులుండేవి. పేజీ తిప్పడానికి వేలు తడి చేసుకుంటే ఊరుకునేవాడు కాదు. పుస్తకాన్ని బోర్లా పెడితే, పసిపిల్లని బోర్లా పడేసినట్టు పరుగెత్తుకొచ్చి తీసేవాడు. టీ తాగాలంటే వీధి అరుగు మీదికి పోవాలి. కళ్ళజోడుకి ఒక కాడ ఉండేది కాదు, పుస్తకం కుట్టే దారమే చెవికి చుట్టుకునేవాడు. అన్నిటికంటే పెద్ద పట్టింపు పసుపు. కట్టడం పూర్తయిన పుస్తకాన్ని మనిషి చేతికి ఇచ్చేముందు మొదటి తెల్లకాగితం తెరిచి నాలుగు మూలలా పసుపు పెట్టాలి. పెట్టకుండా గడప దాటనిచ్చేవాడు కాదు. బైబిళ్ళు కట్టించుకునే పాదిరి గారు కూడా ఏమీ అనేవారు కాదు. "పురుగు పట్టకుండా ఉంటే మంచిదేగా మేస్త్రీ, పెట్టు," అనేవారు.

ఆ పసుపు పెట్టే పని రాజ్యానిది. రాజ్యం మా మేనత్త కూతురు. చిన్నప్పుడే వాళ్ళ నాన్న పోతే అత్తయ్యా తనూ మా ఇంటికే వచ్చేశారు. మా మగవాళ్ళ చేతులకి ఎప్పుడూ జిగురేనని, పసుపు గిన్నె తన చేతికి వచ్చింది. వంటింటి పసుపు కాదు. పసుపు కొమ్ము తెచ్చి సాన మీద చుక్క నీళ్ళతో అరగదీసి, ఆ గంధం లాంటి ముద్దని చిన్న ఇత్తడి గిన్నెలోకి తీసి, ఉంగరం వేలితో ఒక్కో మూలా అద్దేది. అద్దాక ఊదేది. ఆ ఊదడం అవసరం లేదు, అయినా ఊదేది. ప్రతి దసరాకీ మా నాన్నకీ తనకీ ఒకటే పేచీ.

"కుంకం కూడా పెడతాను మావయ్యా. ఒట్టి పసుపు పెడితే వెలితిగా ఉంది, బొట్టు లేని మొహంలాగా."

"కుంకం పొడి ఎదురు పేజీకి అంటుతుందే. పుస్తకానికి పసుపు చాలు."

"ఒక్కదానికి, మావయ్యా."

"ఒక్కదానికీ వద్దు."

తను మూతి ముడుచుకునేది. మరుసటి దసరాకి మళ్ళీ అడిగేది. మా పెళ్ళయ్యాక కూడా అడిగింది. నాన్న పోయాక అడగడానికి ఎవరూ లేకపోయినా, ఆయన వద్దన్నాడు గదా అని తనే మానేసింది. ఎవరైనా ప్రయాణం చేసి వచ్చినా, జబ్బుపడి లేచినా ఎర్రనీళ్ళు తియ్యడం కూడా మా ఇంట్లో తన పనే. పళ్ళెంలో పసుపునీళ్ళు పోసి, అందులో గోరంత సున్నం వేసేది. చూస్తూ చూస్తుండగా పసుపు నెత్తురంత ఎర్రగా మారిపోయేది. నేను ప్రతిసారీ పరుగెత్తుకొచ్చి చూసేవాణ్ణి. "ఎన్నిసార్లు చూస్తావు బావా, ఇందులో ఏముంది?" అనేది. ఏముందో నాకు అప్పుడూ తెలీదు.

ఒకసారి ఊరి చివర దొరల బంగళా ఖాళీ చేస్తుంటే, నాన్న చిత్తుకాగితాలు కొనుక్కొచ్చాడు. అట్టల లోపల అతికించడానికి పాత కాగితం కావాలి మాకు. ఆ కట్టల్లో వెన్ను ఊడిపోయిన చిన్న పుస్తకం ఒకటి బయటపడింది. తెరిస్తే ఒక బొమ్మ. నేలలో సగం కూరుకుపోయిన ఇల్లు, ఇంటి కప్పు మీద గడ్డి, ఆ గడ్డి మేస్తూ కప్పు మీదే ఒక గొర్రె. కింద రెండు వరసల అక్షరాలు. ఇంగ్లీషు అక్షరాల్లాగే ఉన్నాయి గానీ, మధ్యమధ్య ఎప్పుడూ చూడనివి, నడుం దగ్గర బొజ్జ ఉండి తలా కాలూ చెరోవైపు సాగిన అక్షరం ఒకటి, మెడలో అడ్డంగా పుల్ల గుచ్చుకున్నది ఒకటి. నాన్న చేతిలో కత్తి ఆగింది.

"ఇది ఏ భాషరా?"

"తెలీదు నాన్నా."

"తెలియనిదాన్ని కొయ్యకూడదు. పక్కన పెట్టు."

దాన్ని తనకోసం కట్టుకున్నాడు. ఆయన తనకోసం కట్టుకున్న పుస్తకం అదొక్కటే. రాజ్యం నాలుగు మూలలా పసుపు పెట్టింది. ఆ బొమ్మ ముందు మేమిద్దరం ఎన్ని మధ్యాహ్నాలు కూచున్నామో. కప్పు మీద గొర్రె ఎలా ఎక్కింది, దిగేటప్పుడు ఎలా దిగుతుంది, కింద అన్నం తింటున్నవాళ్ళ కంచంలో మట్టి రాలదా అని వాదించుకునేవాళ్ళం. ఊళ్ళో చదువుకున్నవాళ్ళని అడిగాం. కాలేజీ లెక్చరరు గారు లాటిన్ అన్నారు. హెడ్మాస్టరు గారు జర్మన్ అన్నారు. ఇద్దరూ పుస్తకాన్ని బోర్లా పెట్టారు. తరవాత ఉప్పెన వచ్చింది. దుకాణమూ, మిషనూ, కట్టినవీ కట్టనివీ అన్నీ పోయాయి. మా ప్రాణాలు ఎలా మిగిలాయో ఇక్కడ రాయను. మా నాన్న దేనికీ ఏడవలేదు. చాలా రోజుల తరవాత అరుగు లేని గడప మీద కూచుని, "గొర్రె కూడా పోయిందిరా," అన్నాడు.

అమెరికాకి మమ్మల్ని మా వాణే రప్పించింది. వాణికీ అల్లుడికీ ఈ బాతెల్ వైపు ఉద్యోగాలు వచ్చి వెళ్ళిపోయినా మేం ఎడిసన్‌లోనే ఉండిపోయాం. కూతురి ఇంట్లో సోఫాలో కూచుని టీవీ చూడడం నాకు చేతకాదు. నేను పప్పుల దుకాణంలో చేరాను, రాజ్యం వంట మొదలుపెట్టింది. ఒక చలికాలం, వెచ్చగా ఉంటుందని మా టౌన్ లైబ్రరీలో కూచున్నాను. పిల్లల భూగోళం పుస్తకాల అర ముందు కుర్చీ దొరికింది. చేతికి వచ్చినదాన్ని తీసి తిప్పుతుంటే, గడ్డి మొలిచిన కప్పుతో ఇల్లు. ఫోటో. కప్పు మీద గొర్రె లేదు గానీ అదే ఇల్లు. దేశం పేరు పైన రాసి ఉంది. ఎవరికీ తెలియని భాష, మా నాన్నకి పోయేదాకా తెలియని భాష, పిల్లల పుస్తకంలో అంత లావు అక్షరాలతో ఉంది. నాకు సంతోషం వెయ్యలేదు. కోపం వచ్చింది. ఇంటికి వచ్చి చెప్పాను.

"దొరికింది రాజ్యం."

"ఏమిటి?"

"గొర్రె."

తను పోపు వేస్తోంది. వెనక్కి తిరగలేదు. "ఎక్కడుందిట?"

"ఐస్‌లాండ్‌లో."

"సరే, అన్నం తిని వెళ్దువుగాని," అంది. కానీ పోపు మాడింది. ఆ వాసన నాకు ఇప్పటికీ వస్తుంది.

అప్పటినుంచి మొదలైంది. లైబ్రరీలు పాతవి అమ్మేసే రోజులు, చనిపోయినవాళ్ళ ఇళ్ళలో సామాను అమ్మకాలు, సిటీలో మెట్లు దిగి వెళ్ళే పాతపుస్తకాల షాపులు. తరవాత ఇంటర్నెట్ వేలాలు. ఫోను వైరు కంప్యూటరుకి తగిలిస్తే అది కీచుకీచుమని చాలాసేపు అరిచేది, ఈలోగా కుర్రాళ్ళు క్యారేజీల కోసం ఫోను చేస్తే ఎంగేజ్ వచ్చేది. "గొర్రె కోసం నా బేరం పాడుచేస్తున్నావు బావా," అనేది రాజ్యం. మంచి ప్రతులు నాకు అందేవి కావు. వాటికి పెద్ద మనుషులున్నారు. నాకు అందేవి వెన్ను విరిగినవి, అట్ట ఊడినవి, బొమ్మలు కోసేసినవి. బొమ్మలు కోసి ఫ్రేములు కట్టించి అమ్ముకునే వ్యాపారం ఒకటుంది ఇక్కడ. బొమ్మ ఉండాల్సినచోట పుస్తకం లోపల సన్నగా మిగిలిపోయిన కాగితపు అంచు కనిపిస్తే నాకు పళ్ళు పీకిన చిగుళ్ళు చూసినట్టుండేది. అలాంటివే తెచ్చుకుని, వంటింటి బల్ల మీద మైదా జిగురు ఉడకబెట్టి, మా నాన్న నేర్పినట్టు కట్టేవాణ్ణి. డిక్షనరీ తెచ్చుకుని భాష కూడా కాస్త కూడబలుక్కున్నాను. వాళ్ళకి మనలాగా ఇంటిపేర్లుండవు. ఫలానావాడి కొడుకు, ఫలానావాడి కూతురు, అంతే. రాజ్యానికి అది నచ్చింది. "అయితే నేను అక్కడ కూడా మా నాన్న కూతుర్నే," అంది.

పార్సెల్ వచ్చిన రోజున ఇంట్లో ఒక తంతు. ముందు తను వంటింటి తలుపు మూసేది, ఇంగువ వాసన పుస్తకానికి పట్టకూడదని. చేతులు కడుక్కుని, సాన తీసి కొమ్ము అరగదీసేది. ఓక్‌ట్రీ రోడ్డు మీద పసుపు ప్యాకెట్లు కావలసినన్ని దొరుకుతాయి, అది కూరల్లోకి. పుస్తకానికి మాత్రం కొమ్మే. మొదటి తెల్లకాగితం తెరిచి ఉంగరం వేలితో నాలుగు మూలలా అద్ది, ఊదేది. దగ్గరగా చూస్తే ఆ పసుపులో వేలిగీతలు కనిపించేవి, సన్నగా, చెట్టు కోసినచోట వలయాల్లాగా. ఒకసారి సరిగ్గా సరస్వతీపూజ రోజున పార్సెల్ వచ్చింది. ఆ రోజు పుస్తకాలు పూజలో పెట్టాలి, చదవకూడదు. నేను ఎంత బతిమాలినా విప్పనివ్వలేదు. అట్టపెట్టెతో సహా తీసుకెళ్ళి దేవుడి ముందు పెట్టి, టేపు మీదే బొట్టు పెట్టింది. "పెట్టెకి పెట్టొచ్చు. మావయ్య పుస్తకానికే వద్దన్నాడు," అంది. వాణి కాన్పై ఇంటికి వచ్చినప్పుడు ఎర్రనీళ్ళకి సున్నం దొరక్కపోతే, బేకింగ్ సోడా వేసి చూసింది. అది కూడా ఎర్రబడింది. ఆ పళ్ళెం పట్టుకుని అపార్ట్‌మెంటు తలుపు దగ్గర నిలబడి నన్ను పిలిచింది. "బావా, రా. అమెరికాలో కూడా అవుతోంది."

గొర్రె బొమ్మ పుస్తకం మాత్రం దొరకలేదు. ఏళ్ళు గడిచాయి. ఒక బీరువా నిండింది గానీ అది లేదు. చివరికి దొరికింది ఇక్కడే, బాతెల్‌కి కారులో కాస్త దూరంలో. మేం వేసవిలో తన దగ్గరికి వచ్చినప్పుడు వాణి, ఇల్లు ఖాళీ చేస్తున్న ఒక ముసలావిడ పాత పుస్తకాలు ఇస్తోందని ఎక్కడో చూసి, మమ్మల్ని డ్రైవ్ చేసి తీసుకెళ్ళింది. ఆవిడ పేరు మార్గరెట్. వాళ్ళ తాతలు ఐస్‌లాండ్ నుంచి ఓడెక్కి వచ్చినవాళ్ళు. చేతికర్ర, పొడుగాటి మనిషి, వినిపించక గట్టిగా మాట్లాడేది. నేను వాళ్ళ భాషలో నాలుగు మాటలు మాట్లాడితే పకపకా నవ్వి, నూరేళ్ళ కిందట మా ముత్తాత మాట్లాడినట్టుంది, మళ్ళీ మాట్లాడు అంది. అట్టపెట్టెల్లో అడుగున ఉంది ఆ పుస్తకం. చవక కాగితం, అంచులు గోధుమరంగుకి తిరిగి మునివేళ్ళకి రాలుతున్నాయి, వెనక అట్ట చిరిగింది. తెరిచాను. ఇల్లు, గడ్డి, గొర్రె. నేను కిందే కూచుండిపోయాను. రాజ్యం నా చేతిలోంచి తీసుకుని, చూడలేదు, ముందు వాసన చూసింది.

"పిడకల పొగ బావా ఇది."

వాణి నవ్వి, అమ్మ ఇలా అంటోందని ఆవిడకి చెప్పింది. మార్గరెట్ నవ్వలేదు. "మా తాతల ఊళ్ళో చెట్లే లేవు. గొర్రెల పేడ ఎండబెట్టి కాల్చేవారు. ఆ పొగలోనే చదువుకునేవారు," అంది. డబ్బు తీసుకోనంది. రాజ్యం చేతిసంచిలోంచి, బయల్దేరేముందే అరగదీసి పెట్టుకున్న పసుపు భరిణె తీసి, వాణితో అడిగించింది. "ఆంటీ, అమ్మ ఆ ఫస్ట్ పేజీ కార్నర్స్‌లో టర్మరిక్ పెడతానంటోంది. అది మాకు బ్లెస్సింగ్ లాంటిది." ఆవిడ ఆ తెల్లకాగితం వంక చాలాసేపు చూసింది. "ఇక్కడ మా ఇంట్లో పుట్టిన పిల్లల పేర్లు రాయాలి. నాతో ఆగిపోయింది. ఎవరూ రాయలేదు. నా కళ్ళముందే పెట్టమను," అంది. రాజ్యం పెట్టింది. ఊదింది. ఆవిడ కూడా వంగి ఊదింది.

ఆ తరవాత రాజ్యం ఎక్కువ కాలం లేదు. ఆ జబ్బు గురించి రాయను. తను పోయాక తెలిసింది, మనిషి ఎంత తక్కువ వదిలిపెట్టి వెళ్తుందో. చీరలు వాణి పంచిపెట్టింది. తనకి చదవడం వచ్చు, రాయడం రాదు, అందుకని ఒక ఉత్తరం లేదు, నా పేరు రాసిన చీటీ లేదు. ఫోటోల్లో ఎప్పుడూ బిగుసుకుపోయి నిలబడేది, ఆ మనిషి ఎవరో నాకు తెలీదు. నాకు తెలిసిన రాజ్యం ఆ పుస్తకాల మొదటి కాగితాల మీద ఉంది. పొద్దున్నే ఒకటి తీసి, ఆ మూలల మీద నా వేలు పెట్టేవాణ్ణి. ఆ గీతలు నా గీతలకి తగిలేవి. తగిలేవి అనుకునేవాణ్ణి.

ఎడిసన్ ఇల్లు ఖాళీ చేసి నన్ను తన దగ్గరికి తెచ్చుకోవాలని వాణి పట్టు. "నాన్నా, ఇక్కడ మా బేస్‌మెంట్‌లో డ్యాంప్ ఉంటుంది. బుక్స్ పాడైపోతాయి. నీ తరవాత వాటిని ఎవరు చూస్తారు చెప్పు, నాకు ఆ భాష చదవడం రాదు. యూనివర్సిటీకి డొనేట్ చేసేయి. వాళ్ళయితే టెంపరేచర్ చూసి పెడతారు." ఆ మాటలో తప్పు లేదు. తన తరవాత ఎవరు చూస్తారన్న భయమే మా నాన్న చేత పసుపు పెట్టించింది. ఉత్తరదేశాల పుస్తకాలకి ప్రత్యేకంగా ఒక విభాగం ఉన్న యూనివర్సిటీ లైబ్రరీ ఒకటుంది తూర్పున. పేరు రాయను, రాసి వాళ్ళని పెద్దచెయ్యను. తీసుకోవడానికి వచ్చిన అమ్మాయికి మొదటి కాగితం తెరిచి చూపించాను. ఇది నా భార్య చేతి పసుపు, మిగతా ఏం చేసినా సరే, ఈ మూలలు ముట్టుకోవద్దు అన్నాను. "ఆబ్సొల్యూట్లీ," అంది. చెయ్యి గుండెల మీద పెట్టుకుని మరీ అంది. ఆ గుండెల మీద పెట్టుకున్న చెయ్యిని నేను నమ్మాను.

చాలా కాలం తరవాత చూసి వద్దామని వెళ్ళాను. విమానమెక్కి వెళ్ళి, చేతులు కడుక్కుని, పెన్ను బయట పెట్టి, వాళ్ళు చూపించిన కుర్చీలో కూచున్నాను. మెత్తటి దిళ్ళలాంటి వాటి మీద ఒక్కో పుస్తకమే తెచ్చి పెట్టారు. మొదటిది తెరిచాను. మూలలు తెల్లగా ఉన్నాయి. ఇది వేరే ప్రతి అనుకున్నాను. వెన్ను చూస్తే నేను కుట్టిన కుట్లే. రెండోది తెప్పించాను. తెలుపు. ఇంకోటి. తెలుపు. శుభ్రం చేసినావిడ స్వయంగా వచ్చింది. చిన్న వయసు, మంచి మనిషి, కళ్ళలో గర్వం. "చాలా కష్టపడ్డాం. ప్రతిదాంట్లోనూ అదే మరక. ఆల్కహాల్‌తో తీసి, మిగిలిందాన్ని వెలుతురులో పెట్టి తెల్లబరిచాం," అని చెప్పింది. పక్కన కాగితం మీద ప్రతి పుస్తకానికీ వాళ్ళు రాసుకున్న వివరం ఉంది. అందులో చదివాను. ఆహారపు మరక, బహుశా కర్రీ.

కర్రీ. వంటింటి తలుపు మూసి, చేతులు కడుక్కుని, సాన మీద అరగదీసినది కర్రీ. నా పాత కోపాలన్నీ ఆ రోజు చిన్నవైపోయాయి. నేను అరవలేదు. అరిస్తే బయటికి పంపిస్తారని భయం, ఎందుకంటే ఒక పుస్తకం ఇంకా చూడలేదు. గొర్రె బొమ్మది తెమ్మన్నాను. "అది ల్యాబ్‌లో ఉంది సర్. పేపరు చాలా బలహీనంగా ఉంది. దానికి ట్రీట్‌మెంట్ మొదలుపెట్టబోతున్నాం." మొదలుపెట్టకండి అన్నాను. ఆ మాట ఎన్నిసార్లు అన్నానో నాకు గుర్తులేదు. "నాకు అధికారం లేదు, మా డైరెక్టరుకి రాయండి, తప్పకుండా చూస్తారు," అంది, జాలిగా. ఆ జాలి నాకు అక్కర్లేదు. నాకు కావలసింది ఆ ఒక్క కాగితం.

రాశాను. నా ఇంగ్లీషులోనే, ఎవరి చేతా దిద్దించకుండా రాశాను. పుస్తకాలన్నీ ఉంచుకోండి, ఆ ఒక్కదాని మొదటి కాగితం ముట్టుకోకండి, ముట్టుకునే ఉంటే ఎంతవరకు ముట్టుకున్నారో చెప్పండి అని. జవాబు లేదు. మళ్ళీ రాశాను. ఫోను చేస్తే ఒకటి నొక్కు, రెండు నొక్కు, తరవాత పియానో. వాణికి నా మీద బెంగ పట్టుకుంది. ఒకరోజు లాప్‌టాప్ తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"నాన్నా, చూడు, నీ బుక్స్ అన్నీ స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టారు. ప్రపంచంలో ఎవరైనా చూడొచ్చు. ఎంత క్లీన్‌గా ఉన్నాయో."

"అమ్మ ఏదీ?"

"అమ్మ వీడియోలు ఉన్నాయి కదా నాన్నా," అంది.

"ఆ వీడియోల్లో నువ్వు మాట్లాడమంటే మాట్లాడింది. ఆ పసుపు ఎవరూ చెప్పకుండా పెట్టింది."

"వాళ్ళకేం తెలుస్తుంది నాన్నా. వాళ్ళకి అది స్టెయిన్."

"చెప్పానుగా."

అది లాప్‌టాప్ మూసి నా పక్కనే కూచుంది. దాని కూతురు పక్క గదిలోంచి ఏదో అడిగితే, "తాతయ్యతో ఉన్నాను, వెయిట్," అంది. దానికీ ఏడుపు వస్తోందని తెలిసింది, కానీ ఓదార్చే ఓపిక నాకు లేదు. మా నాన్న దుకాణంలో, తెలియని దాని ముందు కత్తి ఆగేది. ఏ భాషో తెలీదు, ఎవరు కొంటారో తెలీదు, అయినా పక్కన పెట్టు అన్నాడు. పైగా మేం జిగురు చేతుల మనుషులం, అంచులు కోసేవాళ్ళం, పాత కాగితాలు అట్టల్లో కూరేవాళ్ళం, మాకేం పెద్ద తెలివి లేదు. ఇక్కడ టెంపరేచర్ చూస్తారు, గాలిలో తడి కొలుస్తారు, పెన్ను బయట పెట్టిస్తారు. తెలియనిది కనిపిస్తే మాత్రం దానికి ఒక పేరు రాసి కడిగేస్తారు. ఉప్పెన కూడా మా దుకాణాన్ని కడిగేసింది. దాన్ని నేను ఏ రోజూ తిట్టలేదు, దానికి ఎవరూ చెప్పలేదు గదా ముట్టుకోవద్దని. వీళ్ళకి చెప్పాను. గొర్రె ఈసారి కూడా పోతుందనే అనుకున్నాను. ఆ వాన రోజుల్లో పోస్టుపెట్టె తలుపు తీసి చెయ్యి లోపల పెట్టి వెతికేవాణ్ణి, కనిపించకపోయినా ఏదైనా ఉంటుందేమోనని. తిండి సహించలేదు. బతికి చూడాల్సిందేమీ లేదనిపించింది, ఆ ఒక్క జవాబు తప్ప.

నిన్న వచ్చింది. వాణి ఆఫీసులో ఉంది. గుమ్మంలోనే నిలబడి చించి చదివాను. తరవాత లోపలికి వచ్చి, కూచుని, మళ్ళీ చదివాను. తెలుగులోకి రాస్తున్నాను, వాళ్ళ మాటలు మార్చకుండా:

"గౌరవనీయులైన అయ్యా, మీ ఉత్తరాలకు జవాబు ఆలస్యమైనందుకు చింతిస్తున్నాం. మీరిచ్చిన సేకరణ శుద్ధి పూర్తయింది. మీరు వివరంగా అడిగిన పుస్తకం (ఇంటి కప్పు మీద గొర్రె బొమ్మ ఉన్నది, వెనక అట్ట చిరిగినది) విషయంలో మాత్రం మేము ఆశించిన ఫలితం రాలేదు. కాగితంలో ఆమ్లం బాగా ఎక్కువగా ఉన్నందున, మిగతావాటిలా కాకుండా, దాన్ని ముందుగా క్షారజలంలో, అంటే పలుచని సున్నపు తేటలో, ఉంచవలసి వచ్చింది. అందులో మొదటి కాగితం నాలుగు మూలల్లో ఉన్న పసుపుపచ్చని మరకలు ముదురు ఎరుపుకి మారాయి. ఇలా జరుగుతుందని మేము ఊహించలేదు. మచ్చలు చెక్కుచెదరలేదు, వేలిగీతలతో సహా ఇంతకుముందు కంటే స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఆ తరవాత చేసిన ప్రయత్నాలేవీ ఫలించలేదు. పుస్తకానికి జరిగిన ఈ నష్టానికి క్షమాపణలు కోరుతున్నాం. ఈ స్థితిలో దాన్ని మా సేకరణలో ఉంచుకోలేము కనుక మీ చిరునామాకు తిరిగి పంపుతున్నాం. అందుకునే ముందు మీకు తెలియవలసిన విషయం ఒకటుంది. ఆ ఎరుపు ఇక పోదని మా నిపుణుల అభిప్రాయం."